బ్రిక్సెన్‌కు ముందున్న హావ్లీచెక్

కారెల్ హావ్లీచెక్ బోరోవ్‌స్కీ విషయమై ఈ మధ్య నాకూ ఒక మిత్రుడికీ ఉత్తరాల్లో చిన్న వాదన నడిచింది. మధ్య ఐరోపా సాహిత్యాన్ని అనువాదాల్లో దొరికినంత మేరకు శ్రద్ధగా చదివే మనిషి అతను. పంతొమ్మిదో శతాబ్దపు చెక్ పాత్రికేయుల్లో అగ్రగణ్యుడైన హావ్లీచెక్‌ను ఆస్ట్రియా ప్రభుత్వం 1851 డిసెంబరు 16 తెల్లవారకముందే ఇంట్లోంచి పట్టుకుపోయి, టిరోల్ కొండల నడుమ ఉన్న బ్రిక్సెన్ అనే చిన్న పట్టణంలో మూడేళ్లకు పైగా ఉంచిందనీ, అక్కడినుంచి వచ్చిన ఏడాదికే ఆయన ముప్ఫై నాలుగేళ్ల వయసులో క్షయతో చనిపోయాడనీ అందరిలాగే అతనికీ తెలుసు. అయితే ఆ బ్రిక్సెన్ జీవితం పాఠ్యపుస్తకాల్లో చెప్పినంత దుర్భరమైనది కాదని ఇటీవల ఎక్కడో చదివి, "ఇన్నాళ్లూ అమరవీరుడనుకున్నాను, తీరా చూస్తే సర్కారు సొమ్ముతో కొండగాలి పీల్చుకున్న మనిషి" అని రాశాడు.

అతను చదివిన వివరాలు అబద్ధాలు కావు. తానూ ఆస్ట్రియాలో ప్రవాసం గడిపిన చెక్ రచయిత యిర్జీ మొరావా 1980లలో ఈ విషయాన్ని కాగితాలతో సహా బయటపెట్టాడు. బ్రిక్సెన్‌లో హావ్లీచెక్‌కు చెరసాల లేదు, సంకెళ్లు లేవు. మొదట ఒక మంచి హోటల్లోనూ, తరువాత భార్య జూలీ, చిన్నారి కూతురు జ్దెంకా వచ్చి చేరాక అద్దె ఇంట్లోనూ ఉన్నాడు. ప్రభుత్వమే ఏటా భత్యం ఇచ్చింది. ఊరు దాటిపోకూడదు, పోలీసుల కన్ను తప్పించుకోకూడదు, పత్రిక జోలికి పోకూడదు, అంతవరకే ఆంక్షలు. నేను వాదించింది ఈ వివరాలతో కాదు, వీటిని పట్టుకుని మనిషిని తూచే పద్ధతితో. ముళ్ల కిరీటం పెట్టి ఊరేగించినవాళ్లూ, ఇప్పుడు హోటల్ గది చూపించి పెదవి విరుస్తున్నవాళ్లూ ఒకే ప్రశ్న దగ్గర నిలబడి ఉన్నారు: ఈ మనిషి ఎంత బాధపడ్డాడు? ఒక పాత్రికేయుడి విషయంలో ఆ ప్రశ్న వేయడమే తప్పని నా అభిప్రాయం. ఆయన ఏం రాశాడు, ఎవరికోసం రాశాడు, ఆ రాతను ఆపడానికి ఒక సామ్రాజ్యం ఎంత దూరం పోవలసివచ్చింది అన్నవే అసలు ప్రశ్నలు. ఆ లెక్కన చూస్తే హావ్లీచెక్ జీవితంలో ముఖ్యమైన భాగం 1845లో మొదలై 1851 ఆగస్టులో ముగిసింది. బ్రిక్సెన్ దానికి అనుబంధం.

షికాగోలో ఉంటున్న తెలుగువాళ్లలో చాలామంది పిల్లలను ఆడ్లర్ ప్లానెటేరియంకు తీసుకెళ్లేటప్పుడు ఆయన కంచు విగ్రహం పక్కనుంచే నడిచి ఉంటారు. అక్కడి చెక్ వలసదారులు 1911లో ఒక పార్కులో నిలబెట్టుకున్న ఆ విగ్రహాన్ని తరువాత సరస్సు ఒడ్డుకు మార్చారు. అందులో ఆయన చేయి చాచి, ఎవరినో యుద్ధానికి పిలుస్తున్నట్టు నిలబడి ఉంటాడు. నిజానికి ఆ మనిషి జీవితమంతా యుద్ధానికి పిలిచేవాళ్లను వారించడంలోనే గడిచింది.

వార్త ఐర్లండ్‌ది, విషయం బొహీమియాది

అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో భాగమైన చెక్ ప్రాంతం బొహీమియాలో, బోరోవా అనే గ్రామంలో 1821లో ఒక వర్తకుడి ఇంట పుట్టిన హావ్లీచెక్ మొదట మతగురువు కావాలనుకున్నాడు. భక్తికంటే జాతిసేవ దానికి కారణం. ఆ రోజుల్లో చెక్ పల్లెలకు చదువూ పుస్తకాలూ చేర్చింది చాలావరకు ఆ మతగురువులే. ప్రాగ్‌లోని సెమినరీ ఏడాది తిరక్కుండానే ఆయన్ను బయటికి పంపింది. ఆ తరువాత 1843లో మాస్కో వెళ్లి, ప్రొఫెసర్ షెవిర్యోవ్ ఇంట్లో ట్యూటరుగా ఉన్నాడు. ఈ మాస్కో నివాసాన్ని జీవితచరిత్రలు ఒక యాత్రగా చెప్పి ముందుకు పోతాయి గానీ, నాకు మాత్రం పాత్రికేయుడు పుట్టింది అక్కడేననిపిస్తుంది.

ఎందుకంటే అక్కడికి వెళ్లినప్పుడు ఆయన తన తరం యువకులందరిలాగే రష్యన్లు, పోలిష్‌వాళ్లు, చెక్కులు మొదలైన స్లావ్ జాతులన్నీ ఒకటేననీ, రష్యా వాటికి పెద్దన్న అనీ నమ్మినవాడు. అక్కడ ఏడాదికి పైగా ఉండి చూసినది వేరు: అర్ధబానిసత్వంలో ఉన్న రైతులు, స్లావ్ సోదరత్వం గురించి విందుల్లో ఉపన్యాసాలిచ్చే భూస్వాములు. పోలండ్ ప్రజలను రష్యా ఎలా అణిచిందో ఆయనకు అప్పటికే తెలుసు. రష్యా చలి, రష్యాలోని ఇతర సంగతులు కలిసి తనలోని స్లావ్ ప్రేమలో చివరి నిప్పురవ్వను కూడా ఆర్పేశాయనీ, రష్యన్లు ఇప్పుడు అన్నిటినీ స్లావ్ అంటున్నది రేపు అన్నిటినీ రష్యన్ అనడానికేననీ 1846లో "స్లావ్, చెక్" అన్న వ్యాసంలో రాశాడు. తాను చూసినది తాను నమ్మినదానికి విరుద్ధంగా ఉంటే, నమ్మకాన్నే మార్చుకుని ఆ సంగతిని అచ్చులో చెప్పడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఆ వ్యాసం నచ్చనివాళ్లు ఆనాటి ప్రాగ్‌లోనే కావలసినంతమంది ఉన్నారు.

తిరిగివచ్చాక చేసిన మొదటి పెద్ద పని ఒక సమీక్ష. జాతీయ నాటకకర్తగా, ఇప్పటి చెక్ జాతీయగీతం రాసినవాడిగా పేరున్న యోసెఫ్ కయెతాన్ టిల్ రాసిన "చివరి చెక్ జాతీయుడు" అనే నవలికకు అప్పటికే బహుమతి వచ్చింది. దాన్ని హావ్లీచెక్ 1845లో ఏ మొహమాటమూ లేకుండా విమర్శించాడు. దేశభక్తి గురించి కన్నీళ్లు పెట్టుకోవడం చాలించి, అది నోటినుంచి చేతుల్లోకి దిగవలసిన సమయం వచ్చిందన్నది ఆయన వాదన. టిల్ మంచివాడు, కష్టజీవి, అందరికీ ఇష్టుడు. కాబట్టి ఇరవై మూడేళ్ల కుర్రవాడు పెద్దలను కించపరిచాడని గొడవ లేచింది. ఆ సమీక్ష చదివినప్పుడు నాకూ టిల్ మీద జాలి కలిగింది. అయినా చెక్కు భాషలో అచ్చయిందల్లా మెచ్చుకోవడమే దేశసేవ అనుకునే కాలంలో ఎవరో ఒకరు ఆ మాట అనవలసిందేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. చరిత్రకారుడు పలాట్స్కీ కూడా అలాగే అనుకుని ఉండాలి. మరుసటి ఏడాది ఆయన సిఫారసు మీదనే ఈ కుర్రవాడు "ప్రాజ్‌స్కె నొవినీ" అనే పత్రికకు సంపాదకుడయ్యాడు.

ఆ పత్రికను పైనుంచి కిందివరకు సెన్సారు చదివేది. బొహీమియా రాజకీయాల గురించి సూటిగా ఒక్క ముక్క అచ్చువేసే వీలు లేదు. హావ్లీచెక్ ఐర్లండ్ వార్తలు వేయడం మొదలుపెట్టాడు. ఇంగ్లండు పార్లమెంటులో విలీనమైపోయిన ఐర్లండుకు తన పార్లమెంటు తనకు కావాలని డేనియల్ ఓకానెల్ నడుపుతున్న ఉద్యమం గురించి వారం వారం, అంకెలతో, ఉపన్యాసాల సారాంశాలతో ఓపిగ్గా రాశాడు. లండన్ అన్నచోట వియన్నా అని చదువుకోవడం పాఠకులకు తొందరగానే అలవాటైంది. సెన్సారుకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. అవి నిజంగా ఐర్లండు వార్తలే, ఒక్కటీ కల్పించినది కాదు. 1848కి ముందు ప్రాగ్‌లో రహస్యంగా కలుసుకున్న యువ ప్రజాస్వామికవాదులు తమ బృందానికి ఆ ఐరిష్ ఉద్యమం పేరే పెట్టుకున్నారంటే ఆ వార్తలు ఎంత లోతుగా పోయాయో అర్థమవుతుంది.

ఇక్కడ ఐర్లండు కథకంటే నాకు ముఖ్యమనిపించేది అంతగా ఎవరూ చెప్పుకోని మరో పని. అదే పత్రికలో ఆయన "గ్రామసంఘం అంటే ఏమిటి?" అని వరుసగా వ్యాసాలు రాశాడు. ఊరి ఉమ్మడి ఆస్తి ఎవరిది, ఊరి లెక్కలు ఎవరు చూడాలి, ఊరి పెద్దను ఎవరు ఎన్నుకోవాలి, పై అధికారి జోక్యం ఎంతవరకు అన్నవి అందులోని ప్రశ్నలు. చదవడానికి చప్పగా ఉంటాయి. కవిత్వం లేదు, ఆవేశం లేదు. కానీ తన ఊరి లెక్క తాను అడగడం నేర్చిన రైతే రేపు దేశపు లెక్క అడుగుతాడన్న పట్టుదల ప్రతి పేరాలోనూ ఉంది. విగ్రహం చెక్కడానికి వీలులేని పని ఇది.

కోర్టులు వదిలిపెట్టిన మనిషి

1848 విప్లవంతో సెన్సారు పోయింది. కౌంట్ డెయిమ్ పెట్టుబడితో ఏప్రిల్ 5న "నారొద్‌నీ నొవినీ" మొదటి సంచిక వచ్చింది. ఆ నెలలోనే హావ్లీచెక్‌కు జూలీతో పెళ్లయింది. జూన్‌లో ప్రాగ్ యువకులు వీధుల్లో అడ్డుగోడలు కట్టి తిరుగుబాటు చేయడం, సేనాని విండిష్‌గ్రేట్జ్ నగరం మీద ఫిరంగులు పేల్చి దాన్ని అణచడం జరిగాయి. ఆ తిరుగుబాటును హావ్లీచెక్ సమర్థించలేదు, అది జాతికి నష్టమే చేసిందన్నాడు. అయినా జూలైలో ఆయన్నూ అరెస్టు చేశారు. అదే సమయంలో సామ్రాజ్య పార్లమెంటుకు ఒకటికంటే ఎక్కువ నియోజకవర్గాల నుంచి ఎన్నికై ఉండటంవల్ల కొద్ది రోజుల్లోనే వదలవలసివచ్చింది. ఏడాది ముగియకముందే ఆ పదవికి తానే రాజీనామా చేశాడు. పత్రిక నడపడానికి సమయం చాలడం లేదన్నది కారణం. పదవి వదులుకుని పత్రిక ఉంచుకున్న రాజకీయవేత్తలు ఎన్ని దేశాల్లో ఎంతమంది ఉంటారో నాకు సందేహమే.

1849 మార్చిలో యువ చక్రవర్తి ఫ్రాంజ్ యోసెఫ్ ప్రభుత్వం, క్రొమ్యెర్జీజ్‌లో కూర్చుని రాజ్యాంగం రాస్తున్న ఆ పార్లమెంటును రద్దుచేసి, తాను తయారుచేసుకున్న రాజ్యాంగాన్ని పైనుంచి ప్రకటించింది. ప్రజాప్రతినిధులు రాయవలసినదాన్ని ప్రభువు దయచేయడమేమిటని హావ్లీచెక్ వ్యాసం రాశాడు. ఏప్రిల్‌లో దానిమీద కేసు నడిచింది. పత్రికల కేసులకు అప్పటికి జ్యూరీ విచారణ ఉంది. ఆయన తన వాదన తానే వినిపించుకున్నాడు. జ్యూరీ నిర్దోషి అంది. అప్పుడు కోర్టుతో నిమిత్తం లేని దారి వెతికారు. ప్రాగ్‌లో అత్యవసర స్థితి అమలులో ఉంది కాబట్టి 1850 జనవరిలో సైనికాధికారులు "నారొద్‌నీ నొవినీ"ని నిలిపివేశారు.

ఆయన ప్రాగ్ వదిలి, అత్యవసర స్థితి లేని కుట్నా హోరా పట్టణానికి మకాం మార్చి, మే నెలలో "స్లొవాన్" అనే పత్రిక మొదలుపెట్టాడు. వెండి గనులు ఉడిగిపోయిన పాత ఊరు అది. ప్రాగ్‌లో ఆ పత్రికను అమ్మనివ్వలేదు, చర్చి పెద్దలు చదవవద్దన్నారు. 1851 జూలైలో కొత్త ఉత్తర్వు వచ్చింది: రెండు హెచ్చరికల తరువాత ఏ పత్రికనైనా మూసేయవచ్చు. రెండూ అందాక, మూసే గౌరవం వాళ్లకు దక్కనివ్వకుండా ఆగస్టులో హావ్లీచెక్ తానే పత్రిక ఆపేశాడు. అప్పటికీ వదల్లేదు. నవంబరు 12న కుట్నా హోరాలో "స్లొవాన్" వ్యాసాల మీద మళ్లీ కేసు, మళ్లీ జ్యూరీ, మళ్లీ నిర్దోషి.

ఈ క్రమం కొంత విసుగు పుట్టించే మాట నిజమే గానీ, వరుసగా చెప్పుకోకపోతే బ్రిక్సెన్ అర్థం కాదు. ఆయన్ను శిక్షించలేకపోయారు కాబట్టే తరలించారు. నవంబరులో న్యాయస్థానం వదిలిన మనిషిని డిసెంబరులో కేసు లేకుండా, తీర్పు లేకుండా, చక్రవర్తి ఆమోదంతో పోలీసులు పట్టుకుపోయారు. పదిహేను రోజులకు, డిసెంబరు 31న, ఆ దయచేసిన రాజ్యాంగాన్ని కూడా ఒక సంతకంతో వెనక్కి తీసుకున్నారు. ఆ తరువాత జ్యూరీ విచారణలే రద్దయ్యాయి. పైనుంచి ఇచ్చిన రాజ్యాంగం గురించి 1849లో ఆయన పడిన భయం సరైనదేనని ప్రభుత్వమే నిరూపించింది. విచారణ లేకుండా మనుషులను నిర్బంధించే చట్టాలు తెలిసిన దేశంలో పెరిగిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు. చెక్కులకు కూడా ఆ తరువాతి శతాబ్దంలో వింతగా కనిపించి ఉండదు.

చట్టం దాటని మనిషి కావడమే ఆయన చేసిన నేరం. రాళ్లు రువ్వేవాడిని కాల్చవచ్చు, రహస్య సంఘం పెట్టినవాడిని కోటలో వేయవచ్చు. కానీ మీరు రాసిన చట్టాన్నే తెరిచి, ఫలానా పేజీలో మీరిచ్చిన మాట ఇదిగో అని ప్రతి సంచికలోనూ పాఠకుడికి చదివి వినిపించేవాడిని ఏం చేయాలి? ఆ చట్టమే మార్చాలి. ఒక మనిషి నోరు మూయడానికి రాజ్యం తన నియమాలనే పక్కన పెట్టుకోవలసివచ్చిందంటే, ఆ మనిషి ఘనత అక్కడే తేలిపోయింది. ఆ తరువాత ఆయనకు భోజనంలో ఏం పెట్టారన్నది నాకు పెద్దగా పట్టదు.

బ్రిక్సెన్ లెక్క

మిత్రుడు దీనికి ఇచ్చిన జవాబు గట్టిది. "బ్రిక్సెన్ లేకపోతే నువ్వీ పేరు కూడా విని ఉండవు," అన్నాడు. వార్తాపత్రిక వ్యాసాలు మర్నాటికే పాతబడతాయి. ఈనాటి చెక్ పిల్లలకు నోటికి వచ్చేవి "టిరోల్ విలాపగీతాలు", "లావ్రా రాజు" మొదలైన కావ్యాలు. "విలాపగీతాలు" బ్రిక్సెన్‌లో రాసినవే. పత్రిక పోయి చేతికి తీరిక దొరికింది కాబట్టే కవి బయటికి వచ్చాడు, ఆ కవివల్లే పాత్రికేయుడు బతికాడు, ఆ లెక్కన అప్పటి ఆస్ట్రియా ఆంతరంగిక మంత్రి బాఖ్ చెక్ సాహిత్యానికి మేలే చేశాడు అంటాడు నా మిత్రుడు.

ఇందులో సగం నేను ఒప్పుకోక తప్పదు. "టిరోల్ విలాపగీతాలు" నిజంగా గొప్ప రచన, అదీ ఏ ఏడుపూ లేకుండా. నడిరాత్రి కమిషనర్ డెడెరా వచ్చి, మంత్రిగారు మీ ఆరోగ్యం విచారించమన్నారన్నట్టు మర్యాదగా మాట్లాడటం, పోలీసులు వాకిట్లో నిలబడటం, మంచం కింద కుక్క గుర్రుమనడం. ఇంగ్లీషు జాతిదైన తన కుక్కకు హేబియస్ కార్పస్, అంటే విచారణ లేకుండా ఎవరినీ నిర్బంధించకూడదన్న హక్కు, తెలుసు కాబట్టి అది కాస్తలో చట్టం ఉల్లంఘించబోయిందనీ, తాను సామ్రాజ్య చట్టసంపుటిని మంచం కిందికి విసిరాక మళ్లీ కిక్కురుమనలేదనీ రాస్తాడు. ఇంకా ముందుకు పోతే కొండదారిలో తోలేవాడు లేకుండానే గుర్రాలు పరుగెత్తుతాయి. జెండార్ములనే సాయుధ పోలీసులు ప్రాణభయంతో ఒక్కొక్కరే బండిలోంచి దూకేస్తారు. నిందితుడొక్కడే కూర్చుని క్షేమంగా తరువాతి మజిలీకి చేరి భోజనం ముగిస్తాడు, కాపలావాళ్లు తరువాత కుంటుకుంటూ వస్తారు. జాతులనే కళ్లెం పట్టి నడపాలనుకునే ప్రభుత్వం నాలుగు గుర్రాలను నడపలేకపోయిందని చురక.

అయితే ఈ హాస్యానికి పదును ఎక్కడినుంచి వచ్చిందో గమనించాలి. హేబియస్ కార్పస్ అన్న మాట విని నవ్వగల చెక్ పాఠకుడిని తయారుచేసింది ఎవరు? రాజ్యాంగం, జ్యూరీ, గ్రామసంఘం అన్న మాటలకు ఆ భాషలో పాఠకులను సంపాదించినవి అంతకు ముందరి ఆరేళ్ల వ్యాసాలే. కవి పాత్రికేయుడికి ప్రాణం పోశాడని మిత్రుడు అంటే, ఆ కవితలోని ప్రతి హాస్యమూ పాత్రికేయుడు ముందుగా వేసిన పునాది మీద నిలబడిందని నేనంటాను. వ్యాసాలు మర్నాటికే పాతబడతాయన్నదీ పూర్తిగా నిజం కాదు. హావ్లీచెక్ తానే వాటిలో ఎంచినవాటిని 1851లో పుస్తకంగా వేశాడు. 1896లో చెక్ తత్వవేత్త, రాజకీయవేత్త మసారిక్ ఆయన మీద పెద్ద పుస్తకం రాసినప్పుడు కావ్యాలకంటే ఆ వ్యాసాలనే తవ్వి తీసి, గొంతు చించుకునే దేశభక్తికి బదులు చిన్న చిన్న పనులు ఓపిగ్గా చేయడమనే రాజకీయాన్ని వాటిమీద కట్టాడు. ఆ మసారిక్ 1918లో చెకొస్లొవాకియా అనే కొత్త దేశానికి అధ్యక్షుడయ్యాడు.

ఇక బ్రిక్సెన్‌లో ఆయన పోగొట్టుకున్నదేమిటన్నది వేరే విషయం. హోటల్ గది బాగున్నంత మాత్రాన పోయినది తిరిగిరాదు. ఇరవై నాలుగేళ్ల వయసునుంచి రోజూ అచ్చుకు రాసిన మనిషిని ముప్ఫయ్యో ఏట నోరు కట్టి కూర్చోబెట్టారు. తనను వదలమని అధికారులకు విజ్ఞప్తులు రాసుకున్నాడు. ఇది విని కొందరు లొంగిపోయాడని కూడా అంటారు. భార్యకు క్షయ ముదురుతూ, ఆమె కూతురిని తీసుకుని ముందే బొహీమియాకు వెళ్లిపోయాక, ఆ మనిషి విజ్ఞప్తి రాయకుండా ఉండాలని ఏ లోకంలో ఆశిస్తారో నాకు తెలియదు. 1855 వసంతంలో వదిలారు. ఆయన ఇల్లు చేరేసరికి జూలీ బతికి లేదు.

మింగుడుపడని సంగతులు

అమరవీరుడి బొమ్మ పక్కన పెడితే మరో ప్రయోజనం ఉంది: లోపాలను లోపాలుగా చూడవచ్చు. 1846లో సీగ్‌ఫ్రీడ్ కాపర్ అనే యూదు కవి చెక్కు భాషలో కవితా సంపుటి వేసి, తానూ చెక్కునేనని చెప్పుకుంటే, హావ్లీచెక్ సమీక్షలో అది కుదరదన్నాడు. యూదులు వేరే జాతి, చెక్కులు కాలేరు, వాళ్లు జర్మన్ భాషనే పట్టుకుంటే మంచిదని రాశాడు. సెన్సారు భయం లేదు, ఎవరి బలవంతమూ లేదు, సొంత అభిప్రాయమే. తరువాత రాజ్యాంగ కాలంలో యూదులకు సమాన పౌరహక్కులు ఉండాలని ఆయన వాదించిన మాట నిజమే. అయినా హక్కు ఇవ్వడం వేరు, మావాడివని ఒప్పుకోవడం వేరు. ఎదురు చూడని చేతులనుంచి చెక్కు భాషకు వచ్చిన ఒక ప్రేమకానుకను, చెక్కుల్లో అత్యంత వివేకి అనిపించుకున్నవాడే తోసిపుచ్చాడు. రష్యా విషయంలో చూసినదాన్ని బట్టి నమ్మకం మార్చుకోగలిగిన మనిషికి ఇక్కడ ఎందుకు కళ్లు తెరుచుకోలేదన్నది నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న. కాలదోషం అని సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. కాపర్‌దీ అదే కాలం.

రెండోది తిరుగుబాటుదారుల పట్ల వైఖరి. చట్టబద్ధంగా పోరాడాలన్న ఆయన సూత్రం చివరికి ఆయన్ను కాపాడలేదు కాబట్టి వీధుల్లోకి దిగినవాళ్లే సరైనవాళ్లని ఒక వాదం ఉంది. రాజ్యమే చట్టాన్ని చింపేసినప్పుడు చట్టాన్ని పట్టుకు వేలాడినవాడు అమాయకుడు కాడా? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్క మాట చెప్పగలను. జూన్ తిరుగుబాటుకు కొద్ది రోజులే ఆయుష్షు దొరికింది, అది విండిష్‌గ్రేట్జ్‌కు కావలసిన సాకు ఇచ్చింది. హావ్లీచెక్ పద్ధతికి మూడున్నరేళ్లు దొరికాయి, ఆ కాలంలో ఆయన ప్రతి వారమూ పాఠకులకు ఏదో ఒకటి నేర్పుతూనే ఉన్నాడు. రెండూ ఓడిపోయాయి. ఓడిపోయేముందు ఏది ఎక్కువ మిగిల్చిందని అడిగితే నా మొగ్గు రెండోదాని వైపు.

జాతి దత్తత తీసుకున్న పిల్ల

1856 జూలై 29న ప్రాగ్‌లో హావ్లీచెక్ చనిపోయాడు. ఆయన శవపేటిక మీద రచయిత్రి బొజెనా న్యెమ్‌ట్సొవా ముళ్ల కిరీటం ఉంచిందని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఈనాటి చరిత్రకారుల్లో దాన్ని నమ్మనివాళ్లున్నారు. జరిగినా జరగకపోయినా ఆ కిరీటం పని చేసింది. అదే నెల 11న ప్లజెన్‌లో యోసెఫ్ కయెతాన్ టిల్ కూడా చనిపోయాడు. విప్లవం అణగాక ప్రాగ్ నాటకశాలలో చోటు పోయి, ఊరూరూ తిరిగే నాటక సమాజంతో పిల్లాపాపలను వెంటేసుకుని పేదరికంలో పోయాడు. బాధతోనే కొలిస్తే టిల్ పడినది ఏ మాత్రం తక్కువ? ఆయనకు ఎవరూ ముళ్ల కిరీటం ఊహించలేదు.

ఈ కొలత ఎంత ప్రమాదకరమో హావ్లీచెక్ కూతురు జ్దెంకా అనుభవించింది. తండ్రి పోయేనాటికి ఎనిమిదేళ్లు నిండని ఆ పిల్లను జాతి పుత్రిక అన్నారు, ఆమె పేరిట లాటరీ పెట్టి కట్నం సొమ్ము పోగుచేశారు. పెద్దయ్యాక ఆమె ఆస్ట్రియా సైన్యంలో పనిచేసే ఒక పోలిష్ అధికారిని ఇష్టపడింది. అమరవీరుడి కూతురు ఆ సైన్యపు దుస్తులవాడిని పెళ్లాడటమేమిటని డబ్బులిచ్చిన జాతి గుసగుసలాడింది. బాధను పూజించేవాళ్లు ఆ బాధకు వారసులను కూడా వెతుక్కుంటారు. 1872లో, ఇరవై నాలుగు నిండకముందే, తల్లిదండ్రుల జబ్బుతోనే ఆమె కూడా వెళ్లిపోయింది. గ్రామసంఘం మీద వ్యాసాలు రాసిన మనిషిని గుర్తుపెట్టుకుని ఉంటే ఆ జాతి ఈ పిల్లను ఆమె మానాన ఆమెను బతకనిచ్చేదేమో.

మిత్రుడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. హావ్లీచెక్‌ను మళ్లీ మొదటినుంచి చదువుతాను, ఎక్కడ మొదలుపెట్టమంటావని మాత్రం అడిగాడు. "స్లావ్, చెక్" వ్యాసంతో మొదలుపెట్టమన్నాను, అది మనిషిని పట్టిస్తుంది. తరువాత 1849 నాటి రాజ్యాంగం మీది వ్యాసం, ఆ వెంటనే గ్రామసంఘం వ్యాసాలు, విసుగొచ్చినా సరే. కాపర్ సమీక్షను దాటేయవద్దన్నాను. "టిరోల్ విలాపగీతాలు" చివరికి ఉంచుకోమన్నాను, అప్పటికి ఆ కుక్క మీదికి విసిరిన పుస్తకంలో ఏముండేదో అతనికి తెలిసి ఉంటుంది.